చుక్కమ్మ కుండలో నక్క వాటా

అడవి అంచున ఎద్దు బసవన్నకు రాగి చేను ఉంది. ఆ చేలో పురుగులేరే కూలి కోడి చుక్కమ్మది. సాయంత్రం చేతికొచ్చే రాగులు తనకూ పిల్లలకూ అంతంతమాత్రంగా సరిపోయేవి. పడక నేల మీదే. పోయిన వానాకాలం నక్క వచ్చి ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుపోయింది. ఆ దుఃఖం చుక్కమ్మకు ఇంకా తీరలేదు.

ఈ ఏడు బసవన్న ఆమెతో ఒక మాటన్నాడు. "నా కొట్టం పక్కన ఒక కుండ పెడతాను. కూలిలోంచి నువ్వెంత వేస్తే నేనూ అంత వేస్తాను. నిండాక వడ్రంగిపిట్టకిచ్చి మంచె మీద గూడు కట్టించుకో. మధ్యలో తిండికని తీశావా, నా వాటా వెనక్కి తీసుకుంటాను."

చుక్కమ్మ తన తిండి తగ్గించుకుని రోజూ కొన్ని గింజలు వేసింది. కుండ సగమయ్యేసరికి కబురు తెలిసి నక్క దిగింది. గూడు లేచిందంటే ఈ వానాకాలం దానికి పస్తే మరి.

"ఊరికే పెట్టేవాడు ఎవడుంటాడు చుక్కమ్మా? ఆ ఎద్దు చివరికి రెండు వాటాలూ నొక్కేస్తాడు. కుండ తెచ్చి నా బొరియలో పెట్టు."

"ఇప్పుడు కదిపితే బసవన్న తన సగం వెనక్కి తీసేసుకుంటాడు మామా. నామీద అంత ప్రేమ ఉంటే నువ్వూ ఓ వాటా వెయ్యి, త్వరగా నిండుతుంది."

"నిండితే?"

"నిండాక ఎటు పోవాలో అప్పుడు చూసుకుందాం."

కుండా, దాని వెనకే కోడీ పిల్లలూ తన బొరియకు నడిచొస్తున్నట్టే అనిపించింది నక్కకు. కానీ రాగులెక్కడివి? పుట్టి బుద్ధెరిగాక ఒళ్లు వంచని నక్క, బసవన్న చేలోనే ఎలుకలు తోలే కూలికి కుదిరింది. ఎండలో నాలుక వేలాడేసుకుని తిరిగి, వచ్చిన కూలంతా కుండలో పోసింది. బసవన్న నెమరేస్తూ చూశాడు.

తొలివాన పడిన సాయంత్రం నక్క ఆవురావురుమంటూ వచ్చింది. కుండ ఖాళీ. పక్కనే ఎత్తైన గుంజల మీద కొత్త గూడు, లోపల పిల్లల గోల.

"చుక్కమ్మా, నా రాగులేవీ?"

"వడ్రంగిపిట్టకు కూలిచ్చేశాను మామా. గోడలకు నావి పోయాయి, కప్పుకు బసవన్నవి. నీ వాటాకు తలుపు వచ్చింది. గట్టిదే, కావాలంటే తోసి చూడు."

నక్క నిజంగానే ఎగిరెగిరి తోసి చూసింది. తర్వాత తడుస్తూ ఇంటిదారి పట్టింది.

నీతి: కూలిలో కొంత దాచుకునేవాళ్లకు తోడు వేసే మనసున్నవాడు ఒక్కడు దొరికితే చాలు, దోచుకోవడానికి వచ్చినవాడు కూడా తలుపు పెట్టించి పోతాడు.