మామిడితోటలో కొట్టు తలుపు

కూర్మనాథం గారు మాకు వేదాంతం చెప్పేవారు గాని, ఎవరైనా ప్రశ్న అడిగితే శాస్త్రంలోంచి జవాబు చెప్పడం అరుదు. బొబ్బిలి దగ్గర ఆయన మామిడితోటలో సాయంత్రాలు చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. ముప్ఫయ్యేళ్ళు దాటిపోయాయి. ఇప్పటికీ మామిడిపూత వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన గొంతే.

ఒకనాడు భాస్కరం అనే శిష్యుడు అడిగాడు. "గురువుగారూ, కళ్ళెదుట ఆధారం ఉన్నప్పుడు కూడా ఒక మనిషిని అనుమానించడం తప్పేనా?"

ఆయన చెప్పడం మొదలుపెట్టారు.

"నా పాతికేళ్ళ వయసులో ఈ తోట పనంతా తోటమాలి పైడయ్య చేతిలో ఉండేది. నాకు అంటు కట్టడం నేర్పింది అతనే. కొమ్మ మీద కత్తి ఆనించేటప్పుడు ఊపిరి బిగబట్టమనేవాడు. మధ్యాహ్నం పనిముట్ల కొట్టు గడప మీద కూర్చుని, తను తెచ్చుకున్న చద్దన్నంలో నాకూ ఒక ముద్ద పెట్టేవాడు. అంత రుచి మళ్ళీ నేనెరగను. కొట్టుకి తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి అతని దగ్గర.

ఒకరోజు పొద్దున్న చూస్తే మందు కొట్టే పంపు లేదు, మా నాన్నగారి అంటుకత్తులు లేవు. వేసిన తాళం వేసినట్టే ఉంది. నేను అతన్ని తిట్టలేదు. పోలీసులకు చెప్పలేదు. 'రేపట్నుంచి రానక్కర్లేదు' అన్నానంతే. పైడయ్య ఒక్కసారి నా ముఖంలోకి చూసి, తాళంచెవి గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఎంతో మర్యాదగా నడుచుకున్నానని కూడా అనుకున్నాను.

మూడేళ్ళకు మళ్ళీ దొంగలు పడ్డారు. ఈసారీ తాళం చెక్కుచెదరలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రావద్దా? పైడయ్య ముందే మారు తాళంచెవి చేయించుకుని ఉంటాడనుకున్నాను. ఇంతకంటే పెద్ద తాళం బిగించమని వడ్రంగి వీరాచారిని పిలిపించాను.

అతను తాళాన్ని ముట్టుకోనేలేదు. తలుపు రెండో పక్కకు వెళ్ళి, బయటికే ఉన్న మడతబందుల కింద మేకు ఆనించి రాయితో రెండు దెబ్బలు వేశాడు. సీలలు ఊడి అతని చేతిలో పడ్డాయి. తలుపును ఆ పక్కనుంచి ఎత్తి జరిపాడు. కొట్టు తెరుచుకుంది. మళ్ళీ సీలలు దూర్చేసరికి అంతా ఎప్పటిలాగే ఉంది.

'తాళం ఎంత పెద్దదైతే ఏం బాబూ? తలుపు ఇటునుంచి వస్తోంది కదా' అన్నాడు.

మూడేళ్ళ కిందట దొంగలు వచ్చిందీ ఇటునుంచేనని నాకప్పుడు తెలిసింది. వీరాచారి మాత్రం తన పని చేసుకుపోయాడు. కొత్త మడతబందులు వేసి, సీలలు ఊడకుండా రెండు చివర్లూ సాగగొట్టాడు. గొళ్ళేనికి మరమేకులు తీసేసి, లోపల నట్లు పడేలా బోల్టులు బిగించాడు. మధ్యాహ్నానికల్లా ముగించాడు.

ఆ మర్నాడే పైడయ్య ఊరు వెళ్ళాను. ఎవరిదో జీడితోటలో పాదులు చేస్తున్నాడు. జరిగిందంతా చెప్పి, నువ్వు తియ్యలేదని తెలిసింది పైడయ్యా అన్నాను.

'నాకు ముందే తెలుసు బాబూ' అన్నాడు. గొంతులో కోపం లేదు. తరవాత, తూర్పు మూల తను కట్టిన అంటు కాపుకొచ్చిందా అని అడిగాడు.

రమ్మని బతిమాలితే ఒకసారి వచ్చాడు. ఒక్కొక్క చెట్టునూ నిమిరి చూశాడు, మంచినీళ్ళు తాగాడు. కొట్టు దగ్గరికి మాత్రం రాలేదు."

గురువుగారు అక్కడితో ఆపేశారు. భాస్కరం, "తరవాత మళ్ళీ దొంగతనం జరిగిందా అండీ?" అని అడిగాడు.

"లేదు నాయనా. తలుపు ఒక్కపూటలో బాగుపడింది" అన్నారాయన.