గుండిగ ఇంటికి పోయిన రోజు

మేదరి ఐలయ్య గురువును ఎవరు ఏది అడిగినా, చేతిలో ఉన్న గంపకు అంచు కట్టడం అయ్యేదాకా ఆయన నోరు విప్పేవాడు కాదు. అంచు సగంలో వదిలితే గంప వంకర పోతుందనేవాడు. అడిగినవాడు ఎండలో నిలబడి ఉన్నా అంతే. ఆయన బతుకు వెదురు మీద, పేరు తత్వాల మీద. చుట్టూ నాలుగు ఊళ్ళలో ఆయన దగ్గర బోధ తీసుకున్నవాళ్ళం ఇరవై మందికి పైగానే ఉండేవాళ్ళం. ఈ కథ చెప్పేవాళ్ళు ఇప్పుడు కొందరు ఆ రోజు పరమాన్నం తిన్నామంటున్నారు. పరమాన్నం కాదు, జొన్న రవ్వతో కాచిన గటక. తిన్నవాణ్ణి నేనున్నాను.

ఆ వేసవిలో గురువును అడిగినవాడు కొమురెల్లి. మా ఊరివాడే. వాగు కింద అరెకరం మడి, రెండర్రల పెంకుటిల్లు, బాలవ్వ అనే భార్య, ఇంతే అతని సంసారం. గొంతు మాత్రం దేవుడు కొలత చూడకుండా పోశాడు. గురువు తత్వం ఎత్తుకుంటే వంత కొమురెల్లిదే. అతను వంత అందుకుంటే ముసలివాళ్ళ కాళ్ళు కూడా ఊరికే ఉండేవి కావు.

అంతకుముందు ఏడు ఆషాఢ పున్నానికి గురుపూజ రాజీరు ఇంట్లో జరిగింది. రాజీరు మైకు పెట్టించాడు, బూరెలు వండించాడు, తనకు కావలసినవాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టి మిగిలినవాళ్ళకు గోడ పక్క చూపించాడు. రాజీరుకూ నాకూ గట్టు తగాదా ఉంది. మూరెడు గట్టు నా వైపు జరిపాడు, జరపలేదంటాడు. ఆ కోపంతో చెబుతున్నానని ఎవరూ అనుకోవద్దు, గోడ పక్క చూపించిన మాట నిజం. అక్కడ కూర్చున్నవాళ్ళలో కొమురెల్లి ఒకడు. మైకులో రాజీరు బావమరిది వంత పాడుతుంటే ఇతను నోరు మూసుకుని బూరె తిని వచ్చాడు.

అది అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఈ ఏడు గురుపూజ నా ఇంట్లో కావాలి, రాజీరు చేసినదానికంటే ఒక మెట్టు పైన కావాలి అన్నాడు. దానికోసం అరెకరం మడిని అంగడి సాహుకారికి కుదువ పెడతానని మాట ఇచ్చి వచ్చాడు. ఆ సంగతి తెలిసిన పూట నుంచి బాలవ్వ అతనితో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టేది, చెంబు పెట్టేది, మాట పెట్టేది కాదు. మడి పోయిననాడు నేను మా అన్న ఇంటికి పోతానని పక్కింటి సత్తెవ్వ నోట చెప్పించింది. మడి లేకపోతే తినేదేమిటని ఆమె భయం. ఆ భయంలో తప్పేమీ లేదు.

కొమురెల్లి గురువు దగ్గరికి పోయి అడిగాడు. అప్పు చేయొద్దని మీరు ఎప్పుడూ అంటారు, అప్పు లేని ఇల్లు ఈ లోకంలో ఏది? కల్లుకు చేస్తే తప్పనుకుందాం, గురువు పేరు మీద చేసినా తప్పేనా? గురువు గంప అంచు చివరిదాకా కట్టాడు. కట్టి, గంపను రెండుసార్లు తిప్పి చూసి, పక్కన పెట్టి అన్నాడు.

"పైసల అప్పు యాడికీ పోదు. ముందుగాల గుండిగ అప్పు జేసి చూడు."

విషయం ఏమిటంటే, పున్నానికి ఇంకా నెల ఉంది. ఈ లోపల ఒక బుధవారం నేను నీ ఇంటికి వస్తాను, నలుగురినీ పిలువు, రాజీరు ఇంట్లో ఏమేం ఉన్నాయో అవన్నీ ఊళ్ళో అడిగి తెచ్చి పెట్టు, రూపాయి మాత్రం ఎవరినీ అడగొద్దు అన్నాడు. అది చూసుకుని తర్వాత సాహుకారి కాగితం సంగతి ఆలోచించమన్నాడు. కొమురెల్లికి ఇది మహా తేలికైన పరీక్ష అనిపించింది. రూపాయి అడిగితే మొహం తిప్పుకునే జనం వంటకు గుండిగ అడిగితే ఇస్తారు, ఇచ్చామని పదిమందికి చెప్పుకోవచ్చు కాబట్టి.

మంగళవారం సాయంత్రానికే అన్నీ చేరాయి. ఇత్తడి గుండిగ రాజీరుది. తన గుండిగ లేనిదే కొమురెల్లి ఇంట్లో పొయ్యి వెలగదని చెప్పుకోవడానికే ఇచ్చాడని నా నమ్మకం. బాలవ్వ మెడలోకి బంగారు గుండ్లపేరు సత్తెవ్వది. గురువు కూర్చోవడానికి చేతుల కుర్చీ బడిపంతులుది. బియ్యం, బెల్లం దుకాణంలో ఖాతా మీద వచ్చాయి. కింద పరిచే జంఖానా నాది. మా మేనమామ వరంగల్లులో నేయించి తెచ్చినది, ఎర్ర పట్టీ, నీలం పట్టీ. పెళ్ళిళ్ళకు అడిగినా ఇవ్వను. కొమురెల్లి గొంతుకు ఇచ్చాను.

బుధవారం పొద్దున గురువు తంబుర భుజాన వేసుకుని వాగు దాటి వచ్చేసరికి ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. పిలిచినవాళ్ళు ఇంకా సగం మందే వచ్చారు. పిలవకముందే వచ్చినవాళ్ళం మాత్రం అందరం ఉన్నాం. వస్తువు ఇల్లు దాటితే మనిషి ఇంట్లో ఉండలేడు. రాజీరు పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. ఇనుప గరిటె తగిలించొద్దు, సొట్ట పడుతుందన్నాడు. మంట ఎక్కువైంది, అడుగు నల్లబడుతుందన్నాడు. చివరికి అందులో చింతపండు వేస్తే కళాయి పోతుందన్నాడు.

"చింతపండు లేకుంట పులుసు ఎట్ల కాస్తరు బావా, నీ మొకం జూసుకుంటనా?" అని బాలవ్వ అడిగింది. పదిహేను రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆమె గొంతు గట్టిగా వినిపించడం అదే మొదలు.

ఆమెకు ఇంకో బాధ ఉంది. ఆమె ఎటు పోతే సత్తెవ్వ అటు పోతున్నది. పొయ్యి మీదికి వంగొద్దు, సెగకు గుండ్ల లోపలి లక్క కరుగుతుంది అంటుంది. బావి దగ్గర వంగొద్దు, తాడు తెగితే నీళ్ళలో పడుతుంది అంటుంది. వంగకుండా వంట, వంగకుండా నీళ్ళు. బాలవ్వ రోకలి మింగినదానిలా నిటారుగా నడుస్తుంటే ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె తట్టుకోలేక, మెడ నాదే గానీ కాపలా నీదాయె వదినా అన్నది.

నేను జంఖానా అంచున నిలబడ్డాను. ఎవరినీ ఏమీ అనలేదు. కాళ్ళు కడుక్కుని ఎక్కమన్నాను. పిల్లలను దిగమన్నాను. తమలపాకు నోట్లో ఉన్నవాళ్ళను ఉమ్మేసి రమ్మన్నాను. అది అనడం కాదు, చెప్పడం. ఎవరైనా చెబుతారు. కొంచెం సేపటికి జంఖానా మీద ఒక్కరూ లేరు, చుట్టూ మట్టి మీద అందరూ ఉన్నారు.

గురువు చేతుల కుర్చీలో కూర్చుని తంబుర సరిచేసుకున్నాడు. బడిపంతులు దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా, వెనక్కు వాలొద్దు స్వామీ, వెనక కాలు అతికించినది అన్నాడు. గురువు ముందుకు జరిగాడు. చేతుల మీద బరువు వేయకపోతే ఇంకా మంచిదన్నాడు పంతులు. గురువు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తంబుర ఎక్కడ ఆనించాలో తెలియక గాలిలో పట్టుకున్నాడు.

అలాగే తత్వం ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయింది. వంత రావాలి. రాలేదు. కొమురెల్లి ఒక కన్ను గుండిగ మీద, ఒక కన్ను కుర్చీ కాలు మీద పెట్టి నిలబడి ఉన్నాడు. గురువు రెండోసారి పాడాడు. ఈసారి కొమురెల్లి నోరు తెరిచాడు, అదే సమయానికి ఎవరి బిడ్డో జంఖానా మీదికి పాకింది, అతని నోట వంతకు బదులు "అరె, దించుండ్రి" అని వచ్చింది. తాళాలు ఆగిపోయాయి. ఊరంతటికీ వినిపించే గొంతు ఆ పూట తన ఇంట్లోనే పలకలేదు. కొమురెల్లి మొహం చూస్తే నాకే జాలి వేసింది.

గురువు కుర్చీలోంచి నెమ్మదిగా, కాలు విరగకుండా లేచాడు. కొమురెల్లిని పిలిచి, ఎవరి వస్తువు వాళ్ళకు అప్పజెప్పమన్నాడు. బియ్యం, బెల్లం మూటలు ఇంకా విప్పలేదు కదా, అవి కూడా దుకాణానికి పోవాలన్నాడు. వచ్చినవాళ్ళకు ఏం పెట్టాలని కొమురెల్లి అడిగాడు. నా గొంతు తడారకముందే ఇచ్చి రా, నీ ఇంట్లో ఉన్నదే తిందాం, నేను ఎక్కడికీ పోను అన్నాడు గురువు. అని మట్టి అరుగు మీద కాళ్ళు చాపుకుని, గోడకు వీపు ఆనించి, హాయిగా తంబుర ఒళ్ళోకి తీసుకున్నాడు.

అప్పుడు మా ఊరి వాడకట్టులో ఒక ఊరేగింపు నడిచింది. ముందు రాజీరు, కాగుతున్న నీళ్ళు పారబోసిన గుండిగను తువ్వాలతో పట్టుకుని, చేతులు కాలుతుంటే ఊదుకుంటూ. వెనక నెత్తిమీద కుర్చీతో బడిపంతులు. ఆయన వెనక జంఖానా చుట్ట భుజాన వేసుకుని నేను. గుండ్లపేరు తన మెడలో వేసుకుని సత్తెవ్వ. అందరి వెనక బియ్యం, బెల్లం మూటలతో కొమురెల్లి. వాకిళ్ళలో ఉన్నవాళ్ళు జప్తు జరిగిందనుకున్నారట.

జంఖానాను ఇంట్లో దూలానికి ఎక్కించాను. ఇక నాకు అక్కడ పని లేదు. కానీ ఇంట్లో కూర్చుంటే తంబుర వినిపిస్తున్నది. కాలు నిలవక మళ్ళీ పోయాను. పోయేసరికి పంతులు వచ్చి ఉన్నాడు. సత్తెవ్వ వచ్చింది. కొంచెం సేపటికి రాజీరు కూడా వచ్చాడు, కాలిన వేళ్ళకు వెన్న రాసుకుని. నాకు చోటు వాడి పక్కనే దొరికింది. కూర్చున్నాను.

బాలవ్వ తన రెండు మట్టి కుండలూ పొయ్యికెక్కించింది. మెడ ఖాళీ, నడుం తేలిక, ఎటు కావాలంటే అటు వంగుతున్నది. కుండల్లో జొన్న గటక ఉడుకుతుంటే చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి, ఎండు మిరపకాయలు నిప్పుల మీద కాల్చి వేసి పచ్చిపులుసు కలిపింది. పులుపు ఎంత కావాలంటే అంత. సత్తెవ్వను వచ్చి కుండ దించమని పిలిస్తే, ఆమె మెడ తడుముకుని అన్నది.

"నేను వంగరాదు బాలవ్వా. గుండ్లపేరు నా మెడల ఉన్నది."

ఆడవాళ్ళ నవ్వుకు పెంకుల మీది పిట్టలు లేచాయి. బాలవ్వ ఎంత నవ్విందంటే, కళ్ళు తుడుచుకుంటూ మొగుడి వైపు చూసింది. చూసిందంటే ఆ ఇంట్లో తగువు తీరినట్టే.

గురువు అదే తత్వం మళ్ళీ ఎత్తుకున్నాడు. చరణం ఇంకా పూర్తి కానేలేదు, కొమురెల్లి వంత వచ్చింది. ఎలా వచ్చిందని అడిగితే నేను చెప్పలేను. కట్ట తెగిన చెరువు నీళ్ళు ఎలా వస్తాయో అలా వచ్చింది. తాళాలు అందుకున్నాయి. పిల్లలు పేడతో అలికిన నేల మీద దొర్లారు, ఎవరూ దించలేదు. పంతులు, ఎప్పుడూ బెత్తంలా నిలబడే మనిషి, చిందు వేశాడు. రాజీరు కాలిన చేతులతో చప్పట్లు కొట్టాడు. కొట్టాడని ఒప్పుకుంటున్నాను.

పాట మధ్యలో వాకిట్లో సైకిలు ఆగింది. అంగడి సాహుకారి మనిషి. కుదువ కాగితం తయారైంది, వేలిముద్ర ఇక్కడే వేయించుకుని పోతానని సిరా డబ్బాతో సహా వచ్చాడు. కొమురెల్లి అతన్ని చూశాడు. కాగితం చూశాడు. వంత తనది, ఆపితే పాట ఆగుతుంది. ఆపలేదు, ఇంకా పైకి ఎత్తాడు. ఆ మనిషి గట్టిగా పిలవబోతే బాలవ్వ గడప మీద అడ్డం నిలబడింది.

"ఇప్పుడు రాడు. పాట ఆయన చేతుల ఉన్నది. కూసో, తిని పో."

అతను కాగితం సైకిలు బుట్టలోనే పెట్టి, చెప్పులు విప్పి కూర్చున్నాడు. మోదుగాకు విస్తరిలో అందరికీ తలా ఒక గరిటె గటక, దాని మీద పచ్చిపులుసు. కడుపు నిండా అని చెప్పను, అబద్ధం నాకు రాదు. కానీ ఎవరూ రెండోసారి అడగలేదు, ఎవరూ ముందుగా లేవలేదు. సాహుకారి మనిషి వేళ్ళు నాకి, ఇంకో చరణం విని, కాగితం సంగతికి రేపు వస్తానని చెప్పి పోయాడు.

పొద్దు వాలుతుండగా గురువును సాగనంపడానికి కొమురెల్లి తంబుర మోస్తూ వాగు దాకా నడిచాడు. తాళాలు నా చేతిలో ఉన్నాయి కాబట్టి నేనూ నడిచాను. వాగులో చీలమండ లోతు నీళ్ళు. గురువు పంచె పైకి దోపుకుంటుంటే కొమురెల్లి మెల్లగా అడిగాడు, ఆ మనిషి రేపు మళ్ళీ వస్తానన్నాడు, ఏం చెప్పమంటారు అని.

గురువు తంబుర అందుకుని నీళ్ళలోకి దిగాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"రాజీరు పొద్దుగాల గుండిగ కోసం వచ్చిండు. గుండిగను ఇంట్ల పెట్టినంక నీ కోసం వచ్చిండు. రేపు ఆ మనిషి వస్తే, దేని కోసం వచ్చినవని అడుగు. గటక కోసమంటే కూసుండవెట్టు."