వంపులో నిలిచిన నీళ్ళు

కాత్యాయనమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు ఏదో ఒక పని వస్తుంది. కందిపప్పు ఏరమంటారు, లేదా పరుపులు ఎండలో వెయ్యమంటారు. ఒకప్పుడు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినావిడ కనక, చేతికి అంటని మాట బుర్రకు అంటదని ఆవిడ నమ్మకం. ఏడేళ్ళుగా శిష్యుణ్ణని చెప్పుకుంటున్న నేను ఆవిడ దగ్గర చదివిన పుస్తకాలకంటే ఏరిన పప్పే ఎక్కువ.

ఆవిడ ఉండేది హిమాలయాల్లో ఒక ఎత్తయిన లోయలో. ఇల్లు మాత్రం చక్రాల మీద ఉంటుంది. జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే బండి అది. మంచం, పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, కుళాయిలు అన్నీ అందులోనే. వేసవంతా ఆ బండిలో ఊరూరా తిరిగి పిల్లలకి పాఠాలు చెబుతారు. జీపు నడిపేది వరాహాలు. విజయనగరం దగ్గర పల్లెటూరు అతనిది. ఇరవయ్యేళ్ళు లారీ నడిపాడు, ఆ ఇరవయ్యేళ్ళూ తాగాడు. కూతురి పెళ్ళినాడు కన్యాదానం వేళకి లారీ కింద ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. ఆ తర్వాత తాగుడు మానేసి ఈవిడ దగ్గరికి వచ్చి చేరాడు. రెండేళ్ళయింది.

మంచు పడేలోగా బండికి అక్కడే తాళం వేసి మేం కిందికి దిగిపోవలసిన రోజులు. ఒక ఉదయం ఆ కూతురు నూకరత్నం ఫోన్ చేసింది. తనకి ఆడపిల్ల పుట్టి మూడు నెలలైందని, ఈ చలికాలం నాన్న తన ఇంట్లోనే ఉండాలని అడిగింది. వరాహాలు ఫోన్ పెట్టేసి, తిన్నగా వచ్చి అమ్మగారి ముందు కూలబడ్డాడు.

"అమ్మా, తాగుడు నాలోంచి పోయింది. లోపలంతా కడిగేసిన గిన్నెలాగుంది. అయినా మా నూకరత్నం ఇంటికి ఎల్లాలంటే కాళ్ళు ఆడతన్నేదు. ఖాళీ అయిపోనాక ఇంకా బయిం ఎందుకమ్మా?"

నా దగ్గర వైరాగ్యం మీద మంచి ఉపన్యాసం ఒకటి సిద్ధంగా ఉంది. గొంతు కూడా సవరించుకున్నాను. ఆవిడ నా వైపు చూడనైనా చూడకుండా, "వరాహాలూ, బండి పైపులు చలికాలానికి సిద్ధం చేద్దాం, పానా తీసుకురా" అన్నారు.

అతని ముఖం మాడిపోయింది. కిందటేడు ఆ పని చేసింది అతనే. నీళ్ళన్నీ వదిలేసి, కుళాయిలన్నీ తెరిచి, చుక్క లేదని చెప్పి తాళం వేశాడు. ఏప్రిల్లో వచ్చి చూసుకోకుండా నీళ్ళు ఎక్కిస్తే, తొట్టి కింద పైపు చలికి లోపలి నీళ్ళు గడ్డకట్టి నిలువునా చీలిపోయి ఉంది. అమ్మగారి పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. వారం రోజులు మనిషి సరిగ్గా అన్నం తినలేదు.

అందుకే ఈసారి ప్రాణం పెట్టి చేశాడు. ట్యాంకు వంచాడు, కుళాయిలు తెరిచాడు, సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. మధ్యాహ్నానికి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఈపాలి నిజంగా చుక్క లేదమ్మా" అన్నాడు.

ఆవిడ ఒక స్టీలు గ్లాసు తెచ్చి తొట్టి కింద పైపు వంపు తిరిగే చోట పట్టుకుని, బిరడా విప్పమన్నారు. అరగ్లాసు నీళ్ళు పడ్డాయి. వరాహాలు ఆ గ్లాసు అందుకుని వెలుగులోకి పట్టి చూశాడు. పైపు చీల్చడానికి అరగ్లాసు గడ్డకడితే చాలని అతనికి చెప్పనక్కర్లేదు.

"నేను సరిగ్గా సెయ్యలేదామ్మా?"

"బాగానే చేశావు. ఎంత ఖాళీ చేసినా వంపున్న చోట నీళ్ళు ఉంటాయి."

అప్పుడు అతను జీపులోంచి పచ్చరంగు ద్రవం ఉన్న డబ్బా పట్టుకొచ్చాడు. లారీ రేడియేటర్లో పోసేది; ఎంత చలికీ గడ్డకట్టదు. ఇది పోసేద్దామా అని మూత తియ్యబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "లారీ నీళ్ళు ఎవరూ తాగరు నాయనా. ఈ పైపుల్లో నీళ్ళు మనం తాగుతాం. అది విషం" అని, తాగునీటి పైపుల కోసం తెప్పించిన, గడ్డకట్టని గులాబీరంగు మందు డబ్బా చూపించి, ఖాళీ చేసిన చోటల్లా ఇది నింపమన్నారు. ఇరవయ్యేళ్ళ డ్రైవరు సిగ్గుపడి నాలిక్కరుచుకున్నాడు.

మోటారు గొట్టం ఆ డబ్బాలో ముంచి, ఒక్కొక్క కుళాయే తిప్పుతూ వెళ్ళాడు. ముందు ఎక్కడో దాక్కున్న నీళ్ళు చీదేవి. తర్వాత గులాబీరంగు వచ్చేది. వచ్చాకే కట్టేవాడు. బిరడా బిగించి, తొట్టి కింది వంపులోకి రెండు గ్లాసులు విడిగా పోశాడు. పని అయిపోయిందని మేం టీకి కూర్చున్నాక, "పిల్లలు చేతులు కడుక్కునే కుళాయి?" అన్నారు అమ్మగారు. బండి బయటి గోడకి ఉన్న ఆ కుళాయి సంగతి ముగ్గురిలో ఆవిడకే గుర్తుంది. వరాహాలు టీ వదిలేసి పరిగెత్తాడు. అందులోంచీ నీళ్ళే వచ్చాయి ముందు. తర్వాత గులాబీరంగు తిరిగి అతని వేళ్ళ మీదుగా పడుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వాడు. రెండేళ్ళలో అతను అలా నవ్వడం నేను చూడలేదు.

తాళం వేసి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, అక్కడే నిలబడ్డాడు. "మరి నా సంగతేటమ్మా?"

"మనవరాలికి నీళ్ళు పొయ్యడం వచ్చా?"

"కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పోస్తారే, అదా? నాకేటొచ్చు? మా నూకరత్నానికే ఎప్పుడూ పొయ్యలేదు. పసిగుడ్డుని పట్టుకుంటే సేతులు వొణుకుతాయమ్మా."

ఆవిడ తాళంచెవి తిరిగి అతని చేతిలోనే పెట్టారు.

"మొదట్లో వణుకుతాయి. ఒక్కరోజు మానకుండా నువ్వే పొయ్యి. ఏప్రిల్లో వచ్చి తలుపు తీద్దువుగాని."