పేరడగని ఇల్లు

ఈస్టరుకు వారం ముందు మట్టల పండుగ వస్తుంది కదా, అది దానికి ముందటి శనివారం. పొద్దున ఏడు గంటలు, రోగులకు గంజి పోసే వేళ. సరిగ్గా అప్పుడే రాణమ్మగారి ఇంట్లో వేడినీళ్ల ఊట ఆగిపోయింది.

ఏ రాణమ్మ, ఏ ఊట అంటారా? చెప్తాను, దగ్గరికి జరగండి. అనగనగా పడమటి సముద్రాలన్నీ దాటాక బుడతకీచుల దేశం, అదే పోర్చుగీసువాళ్లది. ఆ దేశానికి ఒక రాజు, ఆ రాజుకు దొమితీల అని ఒక రాణి. ఆమె కొత్త పెళ్లికూతురై అత్తవారింటికి వస్తుంటే దారిలో బండి ఒరిగి కాలు బెణికింది. పరివారమంతా వెనకబడిపోయింది. గొర్రెలు కాసే అవ్వ ఒకతె ఆమెను పట్టుకుని నడిపించి, నేలలోంచి పొగలు కక్కుతూ వచ్చే ఊటలో ఆ కాలు పెట్టించి, తన తలగుడ్డ చింపి కట్టు కట్టింది.

"నేనెవరో తెలుసా అవ్వా?" అని అడిగింది దొమితీల.

"కాలు నొప్పి ఉన్న పిల్లవి. అంతకుమించి నాకెందుకు తల్లీ?" అంది అవ్వ.

ఆ మాట రాణి మరిచిపోలేదు. రాజ్యానికి చేరాక మెడలోవి, చేతులవి, చెవులవి అన్నీ అమ్మించి ఆ ఊట చుట్టూ పెద్ద ఇల్లు కట్టించింది. కీళ్లు పట్టేసినవాళ్లు, పుళ్లు పడ్డవాళ్లు, దిక్కులేనివాళ్లు, ఎవరు వచ్చినా అక్కడ చోటుండేది. ఆ ఇంటికి రెండే కట్టుబాట్లు. వచ్చినవాళ్ల పేరు అడగరాదు. ఎంతమంది ఉన్నా ఒక మంచం మీద పక్క పరిచి ఖాళీగా ఉంచాలి, రాబోయేవాళ్ల కోసం. రాణి అయ్యుండీ ఆమె తెల్లవారగానే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ చేతులతోనే రోగుల కాళ్లు కడిగేది.

ఆ ఇంట్లో మరియానా అని ఒక బెస్తపిల్ల ఉండేది. కాళ్లు చచ్చుబడితే వాళ్ల నాన్న వలలో వేసుకుని మోసుకొచ్చి దించాడు. ఏడాదిపాటు రోజూ వేడినీళ్లలో నానబెట్టగా నానబెట్టగా, అప్పుడప్పుడే గోడ పట్టుకుని లేచి నిలబడుతోంది. అంతలో నీళ్లు ఆగాయి. నెల తిరిగేలోగా నీళ్లు రాకపోతే ఈ కాళ్లు బిగుసుకుపోతాయి, ఇక లేవవు అని వైద్యుడు చెప్పేశాడు.

నీళ్లు ఎత్తుకుపోయింది సర్గాసు అనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల వాడి కోట. ఊటనంతా ఒక సొరబుర్రలోకి పీల్చుకుని కబురు పంపాడు. ఆ రోగులందరినీ వెళ్లగొట్టి ఇల్లు తనకిచ్చేస్తే స్నానాల మేడ కట్టుకుంటాడట. లేదంటే చుక్క నీరు రాదట.

రాణికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తీసుకుని బయల్దేరాడు. మొదటి సముద్రంలోనే అలల మీద కత్తి దూసి దూసి, అలిసిపోయి తిరిగొచ్చాడు. రెండోవాడు బంగారం మూట తీసుకుని బయల్దేరాడు. సముద్రం మూట పుచ్చుకుంది కాని దారి ఇవ్వలేదు. మూడోవాడు లౌరెన్సు. వాడు తల్లి బుట్ట తీసుకున్నాడు. అందులో ఒలీవనూనె, రొట్టె, ఉతికిన గుడ్డపేలికలు.

అది చూసి మరియానా నవ్వింది. "కత్తి పోయింది, బంగారం పోయింది, ఇప్పుడు గుడ్డపేలికలు వెళ్తున్నాయి. చినదొరగారూ, మాంత్రికుడికి గాని జలుబు చేసిందా?"

"రేవుదాకా నడిచొచ్చి వెక్కిరించు, ఒప్పుకుంటాను."

"నీళ్లు తెండి, వస్తాను."

లౌరెన్సు పడవ మీద పోగా పోగా రెండో సముద్రంలో ఒక తిమింగలం ఎదురైంది. దవడలో గాలం దిగి అల్లాడుతోంది. వాడు పేరు అడగలేదు, ఊరు అడగలేదు. కడిగాడు, నూనె రాశాడు, కట్టు కట్టాడు. తిమింగలం వాణ్ణి వీపున ఎక్కించుకుని ఆరో సముద్రం దాకా దాటించింది. ఏడో సముద్రం ఒడ్డున రెక్క విరిగిన కొంగ. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. కడిగాడు, నూనె రాశాడు, కట్టు కట్టాడు. రెక్క అతుక్కునేదాకా రొట్టె తినిపించాడు. కొంగ వాణ్ణి తన కాళ్లు పట్టుకోమని చెప్పి, ఆ సముద్రం మీదుగా ఎగిరి మాంత్రికుడి కోట బురుజు మీద దించింది.

అక్కడొక పంజరం, పంజరంలో ముసలి చిలక. మాంత్రికుడి ప్రాణం దీనిలోనే ఉంది, మెడ పిసికెయ్, ఊట విడుదలవుతుంది అని కొంగ చెప్పింది.

లౌరెన్సు చిలక మెడ పట్టుకున్నాడు. గోడ పట్టుకుని నిలబడే మరియానా కళ్లముందు మెదిలింది. నెల దగ్గరపడుతోంది. చిలక అరవలేదు, గింజుకోలేదు. "చంపితే చంపు నాయనా. ముందు ఈ కడియం కాస్త వదులు చేసి చంపు" అంది.

వాడు వంగి చూశాడు. ఎగిరిపోతుందేమోనన్న భయంతో మాంత్రికుడు దాని కాలికి ఇనుప కడియం వేశాడు. ఎన్నేళ్లయిందో, కడియం మాంసంలోకి దిగి కాలు కుళ్లిపోయింది. చాలాసేపు లౌరెన్సు చెయ్యి అలాగే ఉండిపోయింది. చివరికి మెడ వదిలాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. కడియం మెల్లగా విడదీసి, తాగడానికి దాచుకున్న నీళ్లతో కడిగాడు, నూనె రాశాడు, కట్టు కట్టాడు. చిలకను బుట్టలో పడుకోబెట్టుకుని వచ్చిన దారినే తిరిగొచ్చాడు.

నీళ్లు తెమ్మంటే చిలకను తెచ్చాడని అన్నలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మరియానా మాత్రం నవ్వలేదు. చిలక కాలు చూసి, తన దిండు తీసి దాని కింద పెట్టింది.

మూడో రోజున గుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి దిగబడ్డాడు. నల్ల అంగీ, ఒంటికాలి మీద కుంటుతున్నాడు, చంకలో సొరబుర్ర. చిలక ఎక్కడుంటే ప్రాణం అక్కడే కదా, ఉండలేక వెతుక్కుంటూ వచ్చాడు. చిలకకు కుళ్లిన కాలే వాడికీ కుళ్లింది. చిలకను ఇమ్మని గద్దించబోయాడు. ప్రాణం కుంటుతుంటే మంత్రం నోట నిలవలేదు. చిలక కూడా లోపల్నుంచి, నాకింకా నయం కాలేదు, నేను రాను పొమ్మంది.

గుమ్మం దగ్గర కూర్చున్న మరియానాకు ఆ వచ్చిందెవరో తెలిసిపోయింది. ఒక్క క్షణం పెదవి కొరుక్కుంది. తర్వాత లోపలికి తిరిగి, ఖాళీ మంచం చూపించండి, కాలు బాగాలేనాయన వచ్చాడు అని కేకేసింది.

రాణమ్మ వచ్చి, వాణ్ణి ఆ మంచం మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని, వాడి జోడు విప్పింది.

"నేనెవరో తెలుసా?" అన్నాడు వాడు.

"కాలు నొప్పి ఉన్నవాడివి. అంతకుమించి నాకెందుకు నాయనా? దీనికి వేడినీళ్లే మందు. మా ఊట ఆగిపోయింది. ఎవరో పట్టుకుపోయారు."

వాడు చంకలోని సొరబుర్ర వైపు చూసుకున్నాడు. "ఎన్ని నీళ్లు కావాలి?" అన్నాడు చివరికి.

"నీకైతే చెంబెడు చాలు. కానీ నీ పక్క మంచం ఆయనకూ కావాలి. ఆ పక్క ఆమెకూ కావాలి. గుమ్మం దగ్గర పిల్లకు అందరికంటే ముందు కావాలి."

మాంత్రికుడు తల వంచుకుని సొరబుర్ర మూత తీశాడు. చెంబు నిండింది. తొట్టి నిండింది. నేల కింద గుడగుడమని చప్పుడై ఊట పొగలు కక్కుకుంటూ పైకి లేచింది. నెల తిరగడానికి ఇంకా రెండు రోజులున్నాయి. కథ ఇక్కడికి వచ్చేసరికి, నాకిది చెప్పిన మా నాయనమ్మ, హమ్మయ్య, దేవుడి దయ అని చేతులు జోడించేది.

కోతల కాలానికి మరియానా రేవుదాకా నడిచివెళ్లింది. వెక్కిరిద్దామని వెళ్లి, నోట మాట రాక నిలబడింది. నన్ను చేసుకుంటావా అని లౌరెన్సు అడిగాడు. ఈసారి మాట వచ్చింది. వాళ్లిద్దరూ తలలు పండేదాకా చల్లగా ఏలారు. రాణమ్మ దేవుణ్ణి చేరుకున్నాక కూడా, ప్రతి రేవులో అలాంటి ఇల్లు ఒకటి లేచింది. ఏ ఇంట్లోనూ పేరు అడగరు.

అదంతా తర్వాతి మాట. ఊట తిరిగొచ్చిన మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఏం చేశారో తెలుసా? నెలనాళ్లుగా పోగుపడిన దుప్పట్లన్నీ ఉతికారు. తడి దుప్పటికి ఒక కొస రాణమ్మ పట్టుకుంటే, రెండో కొస కాలికి కట్టుతో మాంత్రికుడు పట్టుకుని పిండాడు. చిలక వాడి భుజాన కూర్చుని, ఇంకా గట్టిగా పిండు అంది. ఎండలో దుప్పట్లు ఆరాయి. ఖాళీ మంచం నిండిపోయింది కదా, మరియానా గోడ పట్టుకుని నిలబడి, ఇంకో మంచం వేయించి, ఆరిన దుప్పటి దాని మీద పరిచింది.