దివానుగారబ్బాయికి ప్రాయశ్చిత్తం

చిత్రవరం సంస్థానం రాజావారు నరసింహదేవుగారికి కాశీయాత్ర నుంచి తిరిగి రాగానే ధర్మం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బండి దిగి కాళ్లు కూడా కడుక్కోకుండానే, "మన ఊళ్లో ధర్మానికి లోటు ఎక్కడుందో చెప్పండి, వెంటనే పూడ్చేద్దాం" అని కూర్చున్నారు.

లోటు చూపించడానికి దివాను భుజంగరావు సిద్ధంగా ఉన్నాడు. రాజుగారికి ఇవాళ ఏది ఇష్టమైతే అది తనకు పుట్టినప్పటి నుంచీ ఇష్టమని చెప్పగల మనిషి.

"కన్యస్త్రీల బడే ఆ లోటు ప్రభూ! పొద్దున్నే మన పిల్లలందరినీ వరసగా నిలబెట్టి పరలోక జపం చెప్పిస్తున్నారు. ఇలాగే వదిలేస్తే రెండేళ్లలో ఊరంతా మెడలో సిలువలే!" అన్నాడు.

ఇదే దివాను మూడేళ్ల కిందట కొడుకు వరదరాజుకి సీటు కోసం ఆ బడి మెట్లెక్కాడు. "మా ఇంట్లో మరియమ్మ పటానికి రోజూ పూలు పెడతామండీ" అని బడి పెద్ద మదర్ ఫిలోమినాగారి ముందు వంగి వంగి చెప్పాడు. వాళ్లింట్లో పటమూ లేదు, పూలూ లేవు. ఈ సంగతి ఊళ్లో రాజావారికి తప్ప అందరికీ తెలుసు.

రాజావారు తొడ చరిచారు. "జపం మానేయమనండి. కాదంటే బడి మూసేయమనండి!"

సాయంత్రానికే మదర్ ఫిలోమినా జవాబు చెప్పి పంపింది. జపం లేకుండా తాము బడి గంట కొట్టమనీ, మూసేయమంటే పెట్టెలు సర్దుకుంటామనీ దాని సారాంశం.

ఆ మాట మంగతాయారు చెవిన పడింది. ఆవిడ రాణివాసంలో రోజూ పురాణం చదివి వినిపిస్తుంది. సంస్థానం మొత్తానికి ఆడపిల్లలకు చదువు చెప్పే బడి అదొక్కటే. ఆవిడ కూతురు అలివేలు అక్కడే చదువుతోంది. బడి మూతపడితే అలివేలు చదువు అంతటితో సరి. మంగతాయారుకి భయమూ వేసింది, దివాను మీద ఒళ్లూ మండింది.

మర్నాడు దర్బారుకి పిల్లల తల్లిదండ్రులను పిలిపించారు. మంగతాయారు మాటకారితనమంటే రాజావారికి సరదా, అందుకని ఆవిడకీ మాట్లాడే అనుమతి దొరికింది.

ముందు నూనె వర్తకుడు కోటిలింగం లేచాడు. "జపం ఉండనివ్వండి మహాప్రభో! మావాడు రోజు మొత్తంలో కదలకుండా నిలబడేది ఆ కాసేపే."

తర్వాత బ్యాండు మేస్త్రి ఇన్నయ్య. వాళ్లది తాతల నాటి నుంచీ కతోలిక కుటుంబం. "తమరు కోప్పడకపోతే ఒక మాటండి. మా పిల్లకి జ్ఞానోపదేశం వంటబడుతుందని ఆ బళ్లో వేశాను. మంగళవార్త జపం సగం దాకానే వచ్చు, ఇంగ్లీషు పద్యాలు మాత్రం గడగడా చదివేస్తోంది. పెద్దోళ్ల పిల్లలు చేరాక అక్కడ దేవుడి మాటకి తీరిక తగ్గిపోయిందండి."

సభ గొల్లుమంది. రాజావారు మాత్రం నవ్వలేదు. "మీరేమంటారు దివాన్‌జీ?"

భుజంగరావు మీసం దువ్వాడు. "ఆ జపం నోట్లో పడిందంటే ధర్మం మంటగలిసినట్టే ప్రభూ!"

అప్పుడు మంగతాయారు లేచింది. "దివానుగారు చెప్పింది అక్షరాలా నిజం మహారాజా. పాపం, మొహమాటపడి సగమే చెప్పారు."

దివాను తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. ఛాతీ మాత్రం ఇంకాస్త విరుచుకున్నాడు.

"రేపటి నుంచి జపం మానిపిస్తాం, సరే. ఇప్పటిదాకా అంటిన మైల మాటేమిటి? జపం చెప్పిన నోటితోనే ఆ పిల్లలు ఇంగ్లీషు నేర్చారు. నేర్పిందీ ఆ కన్యస్త్రీలే. జపానికి మైల ఉంటే ఇంగ్లీషుకీ ఉన్నట్టే. కాబట్టి అభ్యంతరం ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాయశ్చిత్తం జరగాలి. నాలుక మీద పంచగవ్యం పోసి, జన్మలో ఇంగ్లీషు ముక్క పలకనని దేవుడి ఎదుట ఒట్టు వేయించాలి."

"భేష్!" అన్నారు రాజావారు. "ఎవరితో మొదలుపెడదాం?"

"ఇంకెవరు మహారాజా? ధర్మం కోసం ముందుకు దూకింది దివానుగారు. వరదరాజుతోనే, ఇవాళే."

భుజంగరావు మొహం మాడిపోయింది. వచ్చే సోమవారం కలెక్టరు దొర రాబోతున్నాడు. దొర ముందు స్వాగతపత్రం ఇంగ్లీషులో చదివేది తన కొడుకేననీ, దొర మెచ్చుకుని వాణ్ణి మద్రాసులో చదివిస్తాడనీ దివాను ఊరంతా టాంటాం వేసుకుని ఉన్నాడు.

"ప్రభూ... జపం వేరు, ఇంగ్లీషు వేరు కదా!" అని నసిగాడు.

"నోరు ఒకటే కదండీ దివానుగారూ!" అంది మంగతాయారు.

"నోరైతే ఏమిటమ్మా? నోటితో నాలుగు ముక్కలు అన్నంత మాత్రాన ధర్మం పోతుందా?" దివాను గొంతు చించుకున్నాడు. "మావాడు మూడేళ్లుగా చెబుతున్నాడు ఆ జపం! అయినా విభూతి పెట్టుకోనిదే గడప దాటడు. ఇంట్లో ఒక్క పూజ ఎగ్గొట్టలేదు. ఆ జపం వల్ల వాడికి వెంట్రుకవాసి హాని జరగలేదు, జరగబోదు! నేను పూచీ!"

మంగతాయారు రాజావారికి దణ్ణం పెట్టింది.

"మహారాజా, నా వాదన దివానుగారే వినిపించేశారు. నేనిక కూర్చుంటాను."

రాజావారు పగలబడి నవ్వారు. ఆ వెనకే సభంతా నవ్వింది. ఇన్నయ్యయితే నవ్వలేక స్తంభం పట్టుకున్నాడు.

రాజావారు చేతి బంగారు కడియం తీసి మంగతాయారుకి ఇచ్చారు. "బడి ఉంటుంది, జపమూ ఉంటుంది. మీ అలివేలు ఎంతదాకా చదువుతానంటే అంతదాకా ఖర్చు దివాణానిది." ఆవిడ కడియాన్ని కళ్లకద్దుకుంది.

"దివాన్‌జీ! రేపు మీరే వెళ్లి ఈ సంగతి మదరుగారికి విన్నవించి రండి."

"చిత్తం ప్రభూ. ఏ వేళకు వెళ్లమంటారు?"

"జపం వేళకే!"