తాతబ్బాయి బూరెల పందెం

పెళ్ళి భోజనాలు ఇంకా అరిటాకుల్లోనే వడ్డిస్తున్న రోజుల్లో, గోదావరి పాయ ఒడ్డున వెదుళ్ళపాలెంలో తాతబ్బాయి అనే కండలు తిరిగిన యువకుడు ఉండేవాడు. అతనికి ఓడిపోవడం చేతకాదు, ఒంట్లో బాగాలేదని ఒప్పుకోవడం అంతకన్నా చేతకాదు.

ఆ రోజులే వేరు. పెళ్ళంటే పగలు ఇరువైపుల వాళ్ళకీ చెడుగుడు పోటీ, సాయంత్రం పంక్తిలో బూరెల పందెం. వేడి బూరెకు బొటనవేలితో గుంట చేసి, అందులో నెయ్యి పోయించుకుని, తలెత్తకుండా తినేవాళ్ళు. "ఇంకొక్కటి, నా మీద ఒట్టే!" అని వడ్డించేవాళ్ళు బతిమాలేవాళ్ళు. ప్లేటు పట్టుకుని వరసలో నిలబడే మనకు ఇప్పుడు ఆ బతిమాలుళ్ళు ఏవీ?

చెడుగుడులోనూ, పందెంలోనూ తాతబ్బాయికి ఎదురు లేదు. స్నేహితుడు నూకరాజు ప్రతిసారీ పోటీకి కూర్చుని, ప్రతిసారీ పొట్ట పట్టుకుని లేచేవాడు. అయితే తాతబ్బాయి ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. అలా ఆడి, అలా తిని పడుకున్న మర్నాడు అతని కాళ్ళు బరువెక్కేవి. మంచం కోడు పట్టుకుని లేచేవాడు. ఒకసారి అరుగు మెట్ల మీద కూలబడితే నూకరాజు చూశాడు.

"ఏమైందిరా?"

"చెప్పు కరిచిందిరా" అని బొంకాడు తాతబ్బాయి. కాసేపటికి అదే సర్దుకుంది. కాళ్ళలో బలం లేదంటే ఊరు నవ్వదూ అనుకుని ఊరుకున్నాడు.

ఆ వేసవిలో ఊళ్ళో పెద్ద పెళ్ళి జరిగింది. తాతబ్బాయి ఎండలో ఒళ్ళు హూనమయ్యేలా చెడుగుడు ఆడాడు. సాయంత్రం పంక్తిలో లెక్కపెట్టేవాళ్ళు అలిసిపోయేదాకా బూరెలు తిన్నాడు. మీసం మెలేసి ఇంటికొచ్చి పడుకున్నాడు.

తెల్లవారింది. లేవబోతే కాళ్ళు కదల్లేదు. గిల్లితే తెలుస్తోంది, కదపబోతే మాత్రం రాయిలా పడి ఉన్నాయి.

"అమ్మా!" అని అరిచాడు.

తల్లి మంగాయమ్మ పరుగున వచ్చి, లబోదిబోమంటూ దిష్టి తీసింది. పక్కింటివాళ్ళు పామేదో కరిచి ఉంటుందన్నారు. నూకరాజు స్నేహితుణ్ణి భుజాన వేసుకుని, తల్లితో సహా పట్నం బస్సెక్కించాడు. దారిలో తాతబ్బాయి చేతులు కూడా బరువెక్కసాగాయి.

ఆసుపత్రిలో డాక్టర్ సుభద్ర గారు ఒళ్ళంతా పరీక్షించారు. కాటు ఎక్కడా కనబడలేదు.

"రాత్రి ఏం తిన్నావు?"

"మామూలుగానేనండి."

"ఇలా ఇంతకుముందు ఎప్పుడైనా అయిందా?"

నూకరాజు పక్కనే నిలబడి ఉన్నాడు. "లేదండి. నాకేంటండి, గుండ్రాయిలా ఉంటాను" అన్నాడు తాతబ్బాయి.

సుభద్ర గారు నిట్టూర్చారు. "కట్లపాము కాటు ఒక్కోసారి కనబడదు. విషానికి విరుగుడు ఎక్కించాలేమో. అది కొందరికి పడదు. రక్తపరీక్ష ఫలితం రావాలంటే సాయంత్రం అవుతుంది. ఈలోగా ఈ నీరసం ఛాతీకి పాకితే ఊపిరి అందదు. బాబూ, ఏమైనా దాచి ఉంటే ఇప్పుడే చెప్పు."

మంగాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తాతబ్బాయి తల్లి వైపు తిరగబోయాడు. మెడ కూడా సరిగ్గా తిరగలేదు. అతనికి మొదటిసారి ప్రాణభయం పుట్టింది.

"అయిందండి" అన్నాడు ఏడుస్తూ. "చాలాసార్లు అయింది. బాగా ఆడి, బూరెలు దండిగా తిన్న మర్నాడల్లా అవుతుంది. సిగ్గేసి చెప్పలేదండి."

"ఒరే, చెప్పు కరిచిందన్నావు కదరా!" అంటూ నూకరాజు కళ్ళు తుడుచుకున్నాడు.

సుభద్ర గారు వెంటనే ఈసీజీ తీయించి గుండె గీతలు చూశారు. ఆమె అనుమానించినట్టే ఉన్నాయి. అప్పుడు చెప్పారు: "మన ఒంట్లో పొటాషియం అనే లవణం ఉంటుంది. అది చాలా మటుకు కణాల లోపలే ఉంటుంది, బయట రక్తంలో కొంచెమే. ఆ లోపలికీ బయటికీ ఉన్న తేడా సరిగ్గా ఉంటేనే కండలు కదులుతాయి. కష్టపడి ఆడి, తీపి తెగ తిని పడుకుంటే, పుట్టుకతోనే కండల్లో ఈ లోపం ఉన్న నీలాంటివాళ్ళకు రక్తంలో ఉన్నది కూడా కణాల్లోకి దూరిపోతుంది. ఎలాగంటే, ఊళ్ళో జనం తగ్గలేదు నాయనా, అందరూ ఇళ్ళల్లోకి పోయి తలుపులేసుకున్నారు. వీధిలో రథం లాగేదెవరు?"

ఆ లవణాన్నే మందుగా నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా తాగించారు. "తొందరపడి ఎక్కువ పోస్తే, లోపలికి పోయింది మళ్ళీ బయటికొచ్చినప్పుడు గుండెకే ముప్పు" అని పక్కనే కూర్చుని గుండె గీతలు చూస్తూ ఉన్నారు. మధ్యాహ్నం దాటాక కాలి బొటనవేలు కదిలింది. మంగాయమ్మ ఆ వేలికే దండం పెట్టింది. పొద్దు వాలేసరికి తాతబ్బాయి తన కాళ్ళ మీద తను నిలబడ్డాడు.

మరుసటి ఏడు నూకరాజు పెళ్ళి జరిగింది. పంక్తి అంతా చూస్తుండగా బూరెల పళ్ళెం తాతబ్బాయి ముందుకొచ్చింది. అతను ఆకుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్కటి చాలండి. ఎక్కువ తింటే నాకు కాళ్ళు పడిపోతాయి" అన్నాడు అందరికీ వినబడేలా.

ఎవరూ నవ్వలేదు. చేతులు కడుక్కునే చోట పెదనాన్న సూరన్న అతణ్ణి పక్కకు పిలిచాడు.

"ఒరే అబ్బాయీ, నీ వయసులో నాకూ ఇలాగే అయ్యేదిరా. మా నాన్నకీ అంతే. మగాళ్ళం కదా, పరువు పోతుందని నోరు విప్పలేదు. ముందే చెప్పి ఉంటే నీకు ఆ గండం తప్పేది" అన్నాడు.

తాతబ్బాయికి కోపం ముంచుకొచ్చింది. అయినా, తను మాత్రం చేసిందేమిటి? పెద్దాయన చెయ్యి పట్టుకుని పందిట్లోకి నడిపించుకొచ్చాడు.

ఇప్పుడు తాతబ్బాయి తల ముగ్గుబుట్టయింది. ఆ పంక్తులు లేవు. భుజాన వేసుకుని మోసిన నూకరాజూ లేడు. కానీ ఆ ఇంట్లో మనవలకు ఎవరికైనా కాళ్ళు బరువెక్కితే, పొద్దున కాఫీల దగ్గరే దాపరికం లేకుండా చెప్పేస్తారు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళతారు. వాళ్ళలో ఎవరూ ఇంతవరకు మంచాన పడలేదు.

నీతి: దాచుకున్న బలహీనత మనతో పాటు మనవాళ్ళనూ పడగొడుతుంది, సిగ్గు విడిచి ఒప్పుకున్నవాడు తానూ నిలబడతాడు, తనవాళ్ళనూ నిలబెడతాడు.