పాత దారికి అతికించిన మట్టి

కొండవాలు మీదుగా వాగుకి దిగే దారి ఒక్కటే. తరతరాల గిట్టలు తొక్కి తొక్కి దాన్ని బండలా చేశాయి. కానీ మరీ ఇరుకు. రెండు జంతువులు ఎదురుపడితే ఒకటి వెనక్కి నడవాల్సిందే. దాన్ని వెడల్పు చేసే పని నక్క నెత్తికెత్తుకుంది. ఒళ్లు దాచుకునే నక్క తనంతట తానే ముందుకొస్తే గేదెకి అనుమానం రావద్దూ? రాలేదు. కొత్తగా ఈనింది పాపం, దాని ధ్యాసంతా పెయ్య మీదే.

నక్క అందర్నీ కూర్చోబెట్టింది. "చూడక్కా, దాపరికం దేనికి? సరిగ్గా చెయ్యాలంటే పాత దారి అంచుని మెట్లు మెట్లుగా నరకాలి. ఆ మెట్ల మీద కొత్త మట్టి పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొరనీ గట్టిగా తొక్కాలి. వాననీరు పోయేందుకు పక్కన కాలవ తియ్యాలి. ఆ పని అయ్యేదాకా దారి మూసేస్తా. మీరు కొండ చుట్టి వెళ్లాలి మరి."

"కొండ చుట్టా? నా బిడ్డ కాళ్లు పడిపోవూ!" అందరికంటే ముందు గేదే అరిచింది.

"పోనీ, పాతదాన్ని ముట్టుకోకుండా పక్కన మట్టి పోసెయ్యనా? రేపటికల్లా అయిపోతుంది."

"అదే చెయ్యి మావా!" అన్నాయి అన్నీ. నక్క కాచుకున్నది ఆ మాట కోసమే.

తొలి వానకే కొత్త మట్టి కుంగింది. పాతకీ కొత్తకీ నడుమ పొడుగునా చీలిక. నక్క దానిమీద ఇంత బురద మెత్తి చేతులు దులుపుకుంది. లోపలికి నీరు దిగుతూనే ఉంది.

మళ్లీ ముసురు పట్టిన రోజు, పెయ్యతో వాగుకి దిగుతున్న గేదెకి ఏనుగు ఎదురొచ్చింది. పెద్దది కదా అని గేదె పెయ్యని కొత్త వైపుకి నెట్టి దారిచ్చింది. ఆ మట్టి మొత్తం ఒక్కసారిగా లోయలోకి జారిపోయింది, పెయ్యతో సహా.

"నా బిడ్డని మింగేశావు కదరా!" అని గేదె కుమిలిపోయింది.

"నేనా? ఎలా చెయ్యాలో చెప్పలేదూ? వద్దని మొదట అరిచిందెవరు?"

గేదె మిగతావాటి వైపు తిరిగింది. "ఇప్పుడైనా దారి మూయండి. మెట్లు నరకండి. మట్టి నేను తొక్కుతా."

"నీ కడుపుకోత మాకు తెలీదా వదినా," అంది మేక, పిల్లల్ని దగ్గరికి లాక్కుంటూ. "కానీ వీటితో కొండెలా చుట్టమంటావు?"

గేదె ఇంకో మాట అనేలోపే నక్క అదే చోట మట్టి పోయించడం మొదలుపెట్టింది.

తేలిక పనికి మన నోటితోనే ఊఁ అనిపించుకున్నవాడు, దాని పాపాన్ని కూడా మన మెడకే చుడతాడు.